తులమెత్తు బుల్లెట్

గరాజ్‌లో నా పనిబల్ల మీద, ఎలక్ట్రానిక్ త్రాసు పక్కన, ఒక పాత వెండి రూపాయి ఉంటుంది. దాని మీద జార్జి రాజు ముక్కు అరిగి చదునైపోయింది. ప్రొద్దుటూరులో మా నాయన పనిపెట్టెలో దాదాపు నలభై ఏళ్లున్న రూపాయి అది. నేను అమెరికా విమానం ఎక్కేటప్పుడు "ఖర్చు పెట్టుకోవాకు" అని నవ్వుతూ చేతిలో పెట్టాడు.

నాయన బంగారు పని చేసేవాడు. తులం రాయి చేతికి అందకపోతే పళ్లెంలో ఆ రూపాయే పడేది. బ్రిటిష్ కాలపు రూపాయి బరువు సరిగ్గా తులం, అంటే 11.66 గ్రాములు. ఇప్పుడు షాపుల్లో తులమంటే పది గ్రాములే లెక్క కడుతున్నారు గానీ, నాయన దృష్టిలో అది తులం కాదు, తులానికి పట్టిన గ్రహణం.

ఈ రూపాయికీ రైఫిల్ బుల్లెట్లకీ ఏం సంబంధం అంటే, 2012లో నేను మొదటిసారి బుల్లెట్ల పెట్టె కొన్నాను. పెట్టె మీద 180 గ్రెయిన్లు అని ఉంది. గ్రెయిన్ అంటే బార్లీ గింజ బరువు నుంచి పుట్టిన కొలత. తూటాల లోకం ఇంకా ఆ గింజల్లోనే బతుకుతోంది, 7,000 గ్రెయిన్లు ఒక పౌను. నాకు గ్రాముల్లో చూసుకుంటే తప్ప మనసు కుదుటపడదు. మార్చి చూస్తే 11.66. ఆ అంకె ఎక్కడో చూశానే అనుకుంటూ రూపాయి వైపు చూశాను. తర్వాత వెతికితే తెలిసింది, 1833లో ఈస్టిండియా కంపెనీ తులాన్ని 180 గ్రెయిన్లుగానే ఖాయం చేసిందట. కాకతాళీయమే, కాదనను. కానీ ఇక్కడ ముప్పై క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు 0.30 అంగుళం) రైఫిల్ పట్టుకుని ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకి పోయేవాళ్లు తాతల నాటి నుంచి వాడుతున్న బుల్లెట్ బరువూ, మా నాయన పళ్లెంలో తులమూ ఒకటే.

ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పాను. ప్రొద్దుటూరులో మా ఇంట్లో నీసు ముట్టరు. నాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. "చంపే సంగతి నాతో చెప్పొద్దురా అబ్బీ. తూకం సంగతి చెప్పు" అన్నాడు. అప్పటి నుంచీ మా ఇద్దరి మధ్య ఒప్పందం అదే.

ముందు మాటల దగ్గర తేల్చుకుందాం. బుల్లెట్ అంటే మనవాళ్లలో సగం మందికి బండి గుర్తొస్తుంది, మిగతా సగం మందికి మొత్తం తూటా. నిజానికి తూటాలో నాలుగు ముక్కలు ఉంటాయి. ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. ఎగిరి వెళ్లేది ఆ చివరి ముక్క ఒక్కటే. పేలిన కేసులు ఏరుకొచ్చి, శుభ్రం చేసి, కొత్త ప్రైమర్, మందు, బుల్లెట్ పెట్టి మళ్లీ తూటా తయారు చేసుకోవడాన్ని ఇక్కడ హ్యాండ్‌లోడింగ్ అంటారు. "మందు కొలుస్తున్నాను" అని ఒకసారి హైదరాబాద్ ఫ్రెండ్‌తో ఫోన్‌లో అంటే, వాడు వేరే మందు అనుకుని "ఏ బ్రాండు?" అన్నాడు.

ఇది చదివి మన ఊళ్లలో ఎవరూ మొదలుపెట్టకండి. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం కింద వేట నేరం. లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద ఇంకో నేరం. నేనుండేది కొలరాడోలో, ఫోర్ట్ కాలిన్స్‌లో. ఇక్కడ వేటకి లైసెన్సు, సీజను, ఏ ప్రాంతంలో ఏ జంతువు అన్న లెక్క, అన్నీ రాష్ట్రమే చూస్తుంది. 1949 జనవరి 1న గానీ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట శిక్షణ తరగతి పాసవ్వాల్సిందే. ఎల్క్‌కి బుల్లెట్ కనీసం 85 గ్రెయిన్లు ఉండాలి, అదీ తగలగానే విచ్చుకునే రకం అయి ఉండాలి, అని కూడా రూల్సు ఉన్నాయి. ఎల్క్ అంటే మన కణుజుకి పెద్దన్న అనుకోండి.

నన్ను ఇందులోకి దించింది పక్కింటి పెద్దాయన. డెబ్భై దాటాయి, మోకాళ్లు సహకరించక కొండెక్కడం మానేశాడు. తన పాత .30-06 రైఫిల్ నాకు అమ్ముతూ, "ఇది నాకన్నా బాగా కొడుతుంది, దీని తిండి మాత్రం నువ్వే వండి పెట్టాలి" అన్నాడు. 1906లో అమెరికా సైన్యం కోసం పుట్టిన తూటా అది. నూట ఇరవై ఏళ్లయినా అడవిలో దానికి ఇంకా పని ఉంది.

ఇక నా మొదటి తప్పు. బంగారు పనివాడి కొడుకుని. పైగా బాలానగర్‌లో టూల్ డిజైన్ చదివి, ఇక్కడ ఒక కంపెనీలో కొలతల గదిలో పనిచేసేవాణ్ణి. బుల్లెట్లన్నీ ఒకేలా ఉండాలి అనగానే నాకు తట్టింది ఒక్కటే, త్రాసు. ఒక శీతాకాలమంతా కూర్చుని 500 బుల్లెట్లు తూచాను. 179.4 ఒకటి, 180.6 ఒకటి. గ్రెయిన్‌లో పదో వంతు చొప్పున వేరు చేసి, మా ఆవిడ పోపుల పెట్టె గిన్నెల్లో కుప్పలు పోశాను. (ఆ పెట్టె మళ్లీ వంటింట్లోకి రాలేదు. సీసం తగిలిన గిన్నెలో ఆవాలు పోసుకోనని చెప్పేసింది. న్యాయమే.)

మార్చిలో కాల్పుల రేంజ్‌కి పోయి కాల్చి చూస్తే, తూచి వేరు చేసిన వాటికీ, పెట్టెలోంచి నేరుగా తీసిన వాటికీ ఏ తేడా లేదు. ఒట్టు, ఏమీ లేదు. అప్పుడు కాగితం మీద లెక్క వేశాను. 180లో ఒక గ్రెయిన్ తేడా అంటే అర శాతం. దానివల్ల వేగం సెకనుకి ఏడెనిమిది అడుగులు మారుతుంది. 300 గజాల దూరంలో అది బుల్లెట్ కిందికి జారడంలో తెచ్చే తేడా అంగుళంలో ఆరో వంతు కూడా లేదు. నా చేతి వణుకు అంతకంటే ఎక్కువ. ఈ లెక్క ముందే వేసుకుని ఉంటే ఒక శీతాకాలం, ఒక పోపుల పెట్టె మిగిలేవి.

నాయనతో చెప్తే ఆశ్చర్యపోలేదు. "తూకం సరిగ్గా ఉన్నంత మాత్రాన గాజు గుండ్రంగా ఉంటాదా?" అన్నాడు. బంగారం అంతే పడుతుంది, తూకం అంతే వస్తుంది, కానీ ఒక పక్క మందంగా, ఒక పక్క పల్చగా ఉంటే ఆ గాజు చేతి మీద తిరిగి బరువైన వైపుకే పోతుంది. ఆ మాట విన్నాక నేను బుల్లెట్‌ని వేరే కంటితో చూడటం మొదలుపెట్టాను.

గాజు చేతి మీద ఒకసారి తిరుగుతుంది. బుల్లెట్ ఎంత తిరుగుతుందో చూడండి. నా రైఫిల్ గొట్టం లోపల బుల్లెట్‌ని తిప్పడానికి చెక్కిన గాళ్లు పది అంగుళాలకి ఒక చుట్టు తిరుగుతాయి. బుల్లెట్ సెకనుకి 2,700 అడుగుల వేగంతో బయటపడితే, నిమిషానికి 1,94,400 చుట్లు. అంత జోరుగా తిరిగే వస్తువులో బరువు నడిమి గీత మీద కాకుండా వెంట్రుక వాసి పక్కకి ఉన్నా చాలు, గొట్టం వదిలిన క్షణంలోనే అది ఒక పక్కకి విసిరినట్టు పోతుంది, దారి పొడవునా తల ఊపుకుంటూ పోతుంది. మామూలు బుల్లెట్‌లో లోపల సీసం, చుట్టూ రాగి తొడుగు. ఆ తొడుగు మందం అన్ని వైపులా ఒకేలా ఉందా లేదా అన్నదే అసలు సంగతి. అది త్రాసుకి దొరకదు. నా దగ్గరున్న ఏ పనిముట్టుకీ సరిగ్గా దొరకదు. తయారు చేసేవాడి డైలు (అచ్చులు), ప్రెస్సులు ఎంత బాగున్నాయన్న దాని మీద ఉంటుంది. అందుకే బుల్లెట్ ఎంచుకోవడమంటే సగం, తయారీదారుణ్ణి ఎంచుకోవడమే.

మన చేతిలో చూసుకోగలిగింది ఒకటుంది, బుల్లెట్ అడుగు. ముక్కు ఎంత సూదిగా ఉందో చూసి మురిసిపోతాం గానీ, ముక్కు కాస్త చెడినా పెద్దగా నష్టం లేదు. ఫ్రాంక్లిన్ మాన్ అని మాసచుసెట్స్‌కి చెందిన ఒక డాక్టరు వైద్యం పక్కన పెట్టి బుల్లెట్ల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, 1909లో వాటిని అచ్చు వేయించాడు. ముక్కు చెడగొట్టిన బుల్లెట్లు దాదాపు మామూలుగానే పోయాయి, అడుగు అంచు చెడగొట్టినవి దారి తప్పాయి, అన్నది ఆయన తేల్చిన వాటిలో ఒకటి. నాకు నమ్మకం కుదరక నేనూ చేసి చూశాను. పది బుల్లెట్ల సీసపు ముక్కు పటకారుతో నొక్కాను. ఇంకో పదింటికి అడుగు అంచు మీద సన్న ఆకురాయితో ఒక్క గీటు పెట్టాను. ఇంకో పది ముట్టుకోలేదు. 100 గజాల్లో ముట్టుకోనివి అంగుళంన్నరలో పడ్డాయి. ముక్కు నొక్కినవి వాటికి ఇంచుమించు అంతే. అడుగు గీరినవి మూడు అంగుళాలు దాటి చెల్లాచెదురయ్యాయి.

కారణం తిరకాసేమీ కాదు. గొట్టం వదిలేటప్పుడు వెనక నుంచి తోసుకొచ్చే వేడి గాలి అడుగు అంచు చుట్టూ ఒక్కసారిగా బయటికి దూకుతుంది. అంచు ఒకచోట తెగి ఉంటే ఆ పక్క నుంచి ముందు దూకుతుంది, బుల్లెట్ పక్కకి ఒరుగుతుంది. గుమ్మం దాటుతుంటే ఎవరో ఒక భుజం మీద చెయ్యేసి తోసినట్టు. అందుకే ఇప్పుడు కొత్త పెట్టె తెరిస్తే నేను మొదట చేసేది తూచడం కాదు. బుల్లెట్లు తలకిందులుగా నిలబెట్టి, నాయన రాళ్లు చూసే భూతద్దంతో అడుగు అంచులు చూస్తాను. గోరు పెట్టి తిప్పుతాను. నొక్కులు, గరుకులు ఉన్నవి పక్కన పెడతాను. అవి రేంజ్‌లో గొట్టం వేడెక్కించడానికి పనికొస్తాయి.

ఇంకో కొలత చెప్పాలి. బుల్లెట్ పొడవుని మొన నుంచి అడుగు దాకా కొలిస్తే పెద్ద ఉపయోగం లేదు, మొనలు ఎలాగూ హెచ్చుతగ్గులే. వంపు మొదలై, బుల్లెట్ గొట్టపు గాళ్లని మొదట తాకే చోటు ఒకటుంటుంది. అక్కడి నుంచి అడుగు దాకా కొలవాలి. వెర్నియర్‌కి ఒక చిన్న చిల్లు బిళ్ల తగిలిస్తే చాలు. ఒకసారి నూరు బుల్లెట్ల పెట్టె ఒకటి ఇలా కొలిస్తే అరవై చిల్లర ఒక పొడవు, మిగతావి ఎనిమిది థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) ఎక్కువ. మధ్యలో ఒక్కటీ లేదు. అంటే ఒకే పెట్టెలో రెండు డైల సరుకు కలిసిందన్నమాట. బాలానగర్ షాపు ఫ్లోర్ మీద ఇలాంటిది కనిపిస్తే మా ఫోర్‌మన్ రెండు ట్రేలు తెప్పించి, ఎవడు కలిపాడో కనుక్కునే దాకా వదిలేవాడు కాదు. నేనూ రెండు డబ్బాల్లో పోసి, ఒక్కో డబ్బా ఒక్కో రకం అనుకుని విడివిడిగా కాల్చాను. కలిపి కాల్చినప్పుడు రెండు అంగుళాలు వచ్చే గుంపు (కాగితం మీద చిల్లులు పడిన మేర) విడివిడిగా అంగుళంన్నరకి దగ్గరైంది. త్రాసు ఒక శీతాకాలం కూర్చుని ఇవ్వనిది వెర్నియర్ ఒక మధ్యాహ్నంలో ఇచ్చింది.

అప్పటి నుంచి పెట్టె మీద లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన సరుకు గుర్తు) చూడకుండా కొనను. ముందు మూడు నాలుగు రకాలు ఒక్కో పెట్టె చొప్పున తెచ్చి చూస్తాను. ఏదో ఒకటి కుదిరిందా, అదే లాట్‌లో ఐదారు పెట్టెలు ఒకేసారి తెస్తాను. మా అమ్మ చీరకి జాకెట్టు గుడ్డ అదే థానులోంచి కోయించేది. రేపు వస్తే రంగు కలవదని ఆమె భయం. లాట్ నంబరు కూడా అంతే.

మూడు దెబ్బల మోసం గురించి చెప్పకపోతే తప్పవుతుంది. 2015లో ఒక కొత్త బుల్లెట్‌తో మూడు కాల్చాను. మూడూ అర అంగుళంలో పడ్డాయి. ఆ కాగితం ఫొటో తీసి మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పెట్టకుండా ఉంటే బాగుండేది. వచ్చే శనివారం అవే బుల్లెట్లు, అదే మందు, అదే నేను, అంగుళంన్నర. మళ్లీ వారం ముప్పావు. ప్రతిసారీ ఏదో కారణం వెతుక్కున్నాను. గాలి అన్నాను, ఎండ అన్నాను, కాఫీ అన్నాను. అసలు కారణం, మూడు దెబ్బల్లో ఏదైనా రావచ్చు. సగటున మూడు దెబ్బల గుంపు అంగుళం వచ్చే రైఫిల్, పది దెబ్బలు కాలిస్తే అంగుళంన్నర పైనే వస్తుంది. లెక్కల్లో ఉన్న సంగతే, ఆఫీసులో రోజూ నేనే అందరికీ చెప్పే సంగతే, ఇంటికొచ్చేసరికి మరిచిపోయాను. ఇప్పుడు ఏ బుల్లెట్‌నైనా పది కాల్చాకే పుస్తకంలో రాస్తాను. గొట్టం చల్లారే దాకా మధ్యలో ఆగుతూ కాల్చాలి కాబట్టి పూట పడుతుంది. పడనీ.

ఇంతకీ అంత దగ్గరగా పడటం దేనికి? ఎల్క్ ఊపిరితిత్తులు, గుండె ఉన్న చోటు పది అంగుళాల పళ్లెమంత ఉంటుంది. నేను 300 గజాలు దాటి ఎప్పుడూ కాల్చను. 100 గజాల్లో అంగుళంన్నర కొట్టే రైఫిల్ 300 గజాల్లో నాలుగున్నర అంగుళాలు. సరిపోతుంది, ఇంకా మిగులుతుంది. ఈ మాట పెద్దాయన నాకు మొదటి రోజే చెప్పాడు. నేను వినలేదు. కొలతల పిచ్చి ఉన్నవాడికి 'సరిపోతుంది' అన్న మాట చెవికెక్కదు.

2016 అక్టోబరులో ఎక్కింది.

మీకర్ ఊరి పైన ఫ్లాట్ టాప్స్ అని కొండలున్నాయి, పదివేల అడుగుల ఎత్తు. తెల్లవారి గంటయ్యుంటుంది. దేవదారు చెట్ల అంచున అరవై గజాల దూరంలో మగ ఎల్క్ ఒకటి బయటికొచ్చింది. అంత దగ్గరలో నేనెప్పుడూ చూడలేదు. నా దగ్గరున్నది, పది దెబ్బల పరీక్షలో నా రైఫిల్‌కి అన్నిటికన్నా దగ్గరగా కొట్టిన బుల్లెట్. పల్చటి తొడుగు, మెత్తటి సీసం. కాల్చాను. భుజం దగ్గర తగిలింది, తగిలిన చోటు కూడా చూశాను. అది కుంటుకుంటూ చెట్లలోకి పోయింది.

మంచులో నెత్తురు చుక్కలు పట్టుకుని నాలుగు గంటలు నడిచాను. ఆ నాలుగు గంటల గురించి ఎక్కువ రాయలేను. ఒకచోట అది పడుకుని లేచిన గుర్తు ఉంది, మంచు కరిగి ఎర్రగా. చివరికి ఒక వాగు పక్కన కనిపించింది. రెండో తూటాతో అయిపోయింది. కోసేటప్పుడు చూస్తే, మొదటి బుల్లెట్ భుజం ఎముకకి తగిలి పిండి పిండి అయింది. రాగి తొడుగు ఒకచోట, సీసం తునకలు జానెడు మేర మాంసంలో. దొరికిన పెద్ద ముక్క ఇంటికి తెచ్చి తూచాను. 71 గ్రెయిన్లు. తులం బంగారం ఇచ్చి నగ చేయించుకుంటే నలభై శాతం తిరిగొచ్చినట్టు.

ఆ నెల నాయనకి ఫోన్ చేసినప్పుడు తూకం సంగతి చెప్పలేదు. ఆయనా అడగలేదు.

కాగితానికి చిల్లు పెట్టడం వేరు, ఎముక దాటడం వేరు. ఈ పాఠం నాకన్నా ముందు చాలామందికి తగిలింది. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జాన్ నోస్లర్ అనే లారీల వ్యాపారి ఒక పెద్ద మూస్ (ఎల్క్ కన్నా పెద్ద దుప్పి జాతి) మీద కాల్చాడు. దాని ఒంటి నిండా ఎండిన బురద. బుల్లెట్లు చర్మం దగ్గరే చితికిపోయి లోపలికి దిగలేదు. ఇంటికొచ్చి, మధ్యలో రాగి అడ్డుగోడ ఉన్న బుల్లెట్ చేశాడు. ముందు గదిలో సీసం విచ్చుకుంటుంది, వెనక గది చెక్కుచెదరకుండా లోపలికి తోస్తుంది. దాని మీదే 1948లో కంపెనీ పెట్టాడు. ఆ రకం ఇప్పటికీ అమ్ముతున్నారు. తర్వాత సీసాన్ని తొడుగుకి అతికించే రకాలు వచ్చాయి, మన భాషలో టాంకా పెట్టినట్టు. 1980ల చివర్లో అసలు సీసమే లేకుండా మొత్తం రాగితో చేసిన బుల్లెట్లు బజారుకొచ్చాయి. ముక్కులో చిన్న గుంట ఉంటుంది, తగిలినప్పుడు నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది, బరువు దాదాపు పోదు.

నేను రాగి వైపు తిరిగింది ఎముక కోసం అనుకునేరు. నిజానికి వంటింటి కోసం. మన దగ్గర వేటమాంసం అంటే మేకమాంసమే. మా ఇంట్లో మాత్రం ఆ మాట అక్షరాలా నిజం. ఒక ఎల్క్ మాకు ఏడాది పాటు వస్తుంది, పులుసు, వేపుడు, గోంగూరతో కూర, ఊరగాయ. 2008లో నార్త్ డకోటాలో పేదల అన్నదాన కేంద్రాలకి వేటగాళ్లు ఇచ్చిన మాంసంలో సీసం తునకలు బయటపడితే, ఉన్నదంతా పారేయమని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. కంటికి కనపడనంత సన్నటి తునకలు, గాయం నుంచి దూరంగా కూడా. అది చదివి మా ఆవిడ ఫ్రీజర్ ముందు నిలబడి, "ఇందులో ఎంత మాంసం, ఎంత సీసం?" అంది. పిల్లలు అప్పుడు బడికి పోయే వయసు. పోపుల పెట్టె రోజులు గుర్తొచ్చి నేను మారు మాట్లాడలేదు. కాలిఫోర్నియాలో అయితే 2019 జులై నుంచి సీసం బుల్లెట్‌తో వేటే నిషేధం, రాబందులు చచ్చిపోతున్నాయని.

రాగితో చిక్కులు లేకపోలేదు. సీసంకన్నా రాగి తేలిక, కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడవవుతుంది. పొడవైన దాన్ని నిలకడగా ఉంచాలంటే ఇంకా గట్టిగా తిప్పాలి. బొంగరం సంగతే. 1879లో జార్జి గ్రీన్‌హిల్ అనే లెక్కల ప్రొఫెసర్ దీనికో సూత్రం కట్టాడు. బుల్లెట్ వెడల్పుని దాంతోనే గుణించి, 150తో గుణించి, పొడవుతో భాగిస్తే ఎన్ని అంగుళాలకి ఒక చుట్టు ఉండాలో వస్తుంది. నా బుల్లెట్ వెడల్పు 0.308, పొడవు 1.4 అంగుళాలు అనుకుంటే 10.16. నా గొట్టం పది. సరిపోయింది. అదే 180 గ్రెయిన్ల రాగి అయితే పొడవు 1.5 దాకా పోతుంది, లెక్క 9.5కి దిగుతుంది. ఇంతకన్నా మంచి సూత్రాలు ఇప్పుడున్నాయి, కానీ ఇది కాగితం మీద నిమిషంలో తేలిపోతుంది. అంచు మీద నడవడం ఎందుకని 165 గ్రెయిన్లకి దిగాను. రాగి బరువు పోగొట్టుకోదు కాబట్టి మొదట్లో తక్కువున్నా లోపల ఎక్కువే మిగులుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్తాను. బుల్లెట్ మారితే మందు లెక్క మళ్లీ మొదటికి రావాలి. బరువు ఒకటే కదా అని సీసం బుల్లెట్‌కి వాడిన మందే రాగి బుల్లెట్‌కి పోయకూడదు. పొడవైన బుల్లెట్ కేసు లోపలికి ఎక్కువ దిగుతుంది, చోటు తగ్గుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఆ బుల్లెట్ తయారీదారు అచ్చు వేసిన పుస్తకంలో కింది అంకె నుంచి మొదలుపెట్టి మెల్లగా ఎక్కాలి. ఇంటర్నెట్‌లో ఎవడో చెప్పిన అంకె పట్టుకోవడం అంటే ఎవడి మూసలోదో బంగారం చూసి మన కుంపటి ఊదడమే. అలాగే సీసం బుల్లెట్లు కాల్చిన గొట్టాన్ని మెరిసే దాకా తోమి, ఆ తర్వాతే రాగి మొదలుపెట్టాలి. తూటా గొట్టంలో కూర్చున్నప్పుడు బుల్లెట్‌కీ గాళ్లకీ మధ్య దూరం కూడా రాగి కాస్త ఎక్కువే కోరుకుంటుంది. 50 థౌ దగ్గర మొదలుపెట్టాను, 70 దగ్గర కుదురుకుంది.

గుంపు ఎంతొచ్చిందంటారా? పది దెబ్బలకి అంగుళం ముప్పావు. ఆ పాత మెత్తటి బుల్లెట్ దీనికన్నా దగ్గరగా కొట్టేది, ఇప్పటికీ కొడుతుంది. దాని పెట్టెలు రెండు మిగిలాయి, కాగితాల మీద కాలుస్తున్నాను. వేటకి పోయేది రాగి ఒక్కటే. నాలుగు సీజన్లలో నాలుగు ఎల్క్‌లు, ఏదీ ఎనభై అడుగులు దాటి పోలేదు. ఒక్కసారే బుల్లెట్ ఒంట్లో ఆగింది, తోలు కింద. నాలుగు రేకులూ విచ్చుకుని మందారంలా ఉంది. తూచాను, 163.

పెద్దాయనకి ఆ మందారం చూపిస్తే చేతిలో తిప్పి తిప్పి చూసి, "ఖరీదెంత?" అన్నాడు. ఒక్కోటి డాలరు దాకా పడిందన్నాను. తన కాలంలో ఆ డబ్బుకి ఎన్ని పెట్టెలు వచ్చేవో చెప్పడం మొదలుపెట్టాడు, అరగంట పట్టింది.

పోయిన ఆదివారం నాయనకి వీడియో కాల్ చేసినప్పుడు త్రాసు ముందే ఉన్నాను. మొదట రూపాయి పెట్టి చూపించాను. 176.8 వచ్చింది. "అరిగింది, నాలాగే" అన్నాడు. తర్వాత కొత్త బుల్లెట్ పెట్టాను, 165. తులం మానేశావా అని అడిగాడు. అవును నాయనా, 15 గ్రెయిన్లు తగ్గించానన్నాను. ఆయనకి గ్రెయిన్లు పట్టవు. కళ్లు మూసుకుని వేళ్ల కణుపులు లెక్కపెట్టాడు. పాత లెక్కలో పన్నెండు మాషాలు గానీ 96 గురిగింజలు గానీ తులం, అంటే ఒక్కో గింజ గ్రెయిన్‌కి కాస్త తక్కువ రెండింతలు. నేను కాలిక్యులేటర్ తీసే లోపల ఆయన చెప్పేశాడు.

"ఎనిమిది గురిగింజలు. సరిగ్గా మాషెత్తు" అన్నాడు. "తరుగు కింద రాసుకో."